ఇల్లు ఎవరి చెప్పుచేతల్లో ఉంది?

అదిగో, మళ్ళీ ఆ నవ్వు! ఫొటోలోకి వెళ్ళినా ఆ నవ్వు మానరు కదా మీరు. నవ్వేటట్టు ఉందా నా మొహం?

ఇవాళ ఒకావిడ కొంప ముంచి వచ్చానండీ. ఆఁ, నేనే. చీమకైనా హాని చెయ్యదని మీ అమ్మగారు అందరికీ చెప్పేవారే, ఆ నేనే.

నా ఉద్యోగమంటే మీకెప్పుడూ వెటకారమే. "లాయర్లకి నువ్వు చెప్పేదేంటే?" అనేవారు. ప్రభుత్వం ఆంక్షలు పెట్టి, ఆస్తులు అమ్మకూడదన్నవాళ్ళ ఇల్లు లాయర్లు తెలియక అమ్మిపెట్టారనుకోండి, అది వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. అందుకే ఫైలు చూసి ఇది కానివ్వండి, ఇది ఆపండి అని చెప్తాను. అంతే.

ఇవాళ్టి ఆవిడ మొగుడి మీద ఆంక్షలున్నాయి. ఇల్లు మాత్రం ఆవిడ పేరు మీదే. దాన్ని అమ్మేసి, కూతుర్ని తీసుకుని అతనికి దూరంగా వెళ్ళిపోవాలని ఆశ. కొత్త చోట పిల్ల గదికి ఏ రంగు వెయ్యాలో చూడ్డానికి పర్సులో రంగుల కార్డు కూడా పెట్టుకుంది, పిచ్చితల్లి.

కాగితం మీద పేరు చూస్తే చాలదండీ. ఇల్లు ఎవరి చెప్పుచేతల్లో ఉందో చూడాలి. అదే నేను లాయర్లకి నేర్పేది. అందుకే అడిగాను. కొన్నదెవరు? తాళాలు ఎవరి దగ్గరుంటాయి? గోడలకి రంగు ఎవరిష్టం?

"నేనే" అని ఒక్క అబద్ధం ఆడొచ్చు కదా! ఆడలేదు. "అన్నీ ఆయనేనండీ. అందుకేగా వెళ్ళిపోతున్నాను" అంది.

ఇంకేముంది? ఇల్లు అతనిదే అని రాశాను. అధికారులు ఒప్పుకునేదాకా అమ్మడానికి లేదు. ఆ అనుమతి ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు! అప్పటిదాకా ఆవిడ ఎక్కడికి పోతుంది చెప్పండి? ఆ మొగుడి దగ్గరికే.

ఏమందనా? తిట్టలేదండీ. "నా పేరు మీదున్నా నాది కాదన్నమాట" అంది.

దారంతా నా ప్రశ్నలు నాకే వేసుకున్నాను. ఈ ఇల్లు నా పేరున కొన్నారని అందరూ మిమ్మల్ని ఎంత మెచ్చుకున్నారో! తాళాలు? మీ జేబులో. ఈ బూడిదరంగు నాకొద్దని బతిమాలానా లేదా? "మురికి కనపడదు" అన్నారు. అక్కడితో సరి.

అబ్బే, మీరు చెడ్డవారని కాదు. ఒక్కనాడు కసురుకోలేదు. మీరు లేని ఈ ఇంట్లో అడుగు పెట్టాలంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది నాకు. అందుకే ఇంకా బాధ.

ఆ రంగుల కార్డు బల్ల మీదే వదిలేసి వెళ్ళిందావిడ. తెచ్చాను. ఇదిగో, ఈ లేత పసుపు చూడండి. రేపే పెయింటర్ని పిలుస్తాను. ఇక నన్ను ఆపేవాళ్ళెవరు?

...వేయించనా?

చూశారా. మళ్ళీ మిమ్మల్నే అడుగుతున్నాను.