లోపల ఊపిరి తీసే కారు

అన్యాయం జరిగింది కుట్టుపని అక్కకి, ఏప్రిల్ పదకొండున. ఉబ్బసం తల్లిని ఆసుపత్రికి తిప్పడానికి కొన్న పాత కారులో విరిగిన పాల వాసన వస్తోందని, సీట్లూ కార్పెట్టూ శుభ్రం చేయమని ఇస్తే, కార్లు కడిగే కోతల బావ పైన మెరుపు పూత పూసి పంపాడు. రోగం కడుపులో ఉంటే మొహానికి పౌడరు రాసినట్టు! వారం తిరక్కుండా పాల వాసనకి ముక్కిన వాసన తోడైంది. నిలదీద్దామని సాయంత్రం ఆమె టీ కొట్టుకి వస్తే, బావ అప్పటికే బల్లెక్కి కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నీ కారుకి లోపల కడిగితే సరిపోదు. ఎందుకంటావా? అద్దాలు తుడిచానా, మళ్లీ మసక పట్టింది. బయట కాదు, లోపలి నుంచి. చెవి ఆనించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక సీట్లో ఎవరో ఊపిరి తీస్తున్నారు. మెల్లగా, నిద్రలో తీసినట్టు."

అందరూ వీధికి అవతల ఆగి ఉన్న కారు వైపు చూశారు. అద్దాలు నిజంగానే తెల్లగా మసకబారి ఉన్నాయి.

"తలుపు తీయలేదా బావా?" అన్నాడు పక్కన టీ తాగుతున్న ఎలక్ట్రీషియన్.

"తీస్తే బయటికొచ్చేయదూ? వేలు కూడా పెట్టలేదు. దాన్ని లోపలే బంధించాలంటే పై పూత ఒక్కటే దారి. ఒక పూత వేశాను, చప్పుడు తగ్గింది. ఇంకోటి వేశాను, బానెట్ మీద నా మొహం కనిపించింది. నవ్వాను. అది కాసేపాగి నవ్వింది."

టీ కలుపుతున్న పెద్దాయన చెయ్యి ఆగింది.

"ఇక్కడికొచ్చి టీ తాగుతూ అటు చూద్దును కదా, కారు తలుపులో నా నీడ ఒంగి, గుడ్డతో తుడుస్తోంది! నేనిక్కడ, నా పని అక్కడ. ఆ పూట దాని చేత ఇంకో బండి కూడా తుడిపించాననుకో..."

"దానికీ జీతం ఎగ్గొట్టావా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఎగతాళి కాదురా. దగ్గరికెళ్లి చెయ్యి పెడితే మోచేతి దాకా పూతలోకి దిగిపోయింది. తల దూర్చాను. లోపల ఇదే వీధి. ఇదే కొట్టు. ఈ బల్ల మీదే మీరంతా కూర్చున్నారు. మొహాలే లేవు."

పెద్దాయన గొంతు తగ్గించాడు. "నేనూ ఉన్నానా?"

"ఉన్నారు. టీ పోస్తున్నారు. ఆవిరి పైకి లేవడం లేదు, కిందికి కారుతోంది. అందరూ ఒక్కసారే నావైపు తిరిగారు. కళ్లు లేకుండానే చూశారు. ఎలా బయటపడ్డానో నాకే తెలీదు చెల్లెమ్మా! ఇంకో పూత వేయిద్దాం. కార్పెట్ జోలికి మాత్రం పోకు. దాని పడక అదే."

గ్లాసు ఎత్తిన వాడు ఎత్తినట్టే ఉన్నాడు. అక్క లేచి వీధి దాటింది. కారు తలుపు మీద చెయ్యి వేసింది.

"వద్దక్కా!" అన్నాడు ఎలక్ట్రీషియన్, తనకి తెలియకుండానే.

ఆమె కార్పెట్ పైకి లాగి, అడుగున ఉన్న స్పాంజి ముక్క చింపుకొచ్చి బావ ముందు పిండింది. నల్లటి నీళ్లు బల్ల మీంచి ఆయన ఒళ్లోకి కారాయి.

"తలుపే తీయలేదన్నావు. మరి ఈ నీళ్లెక్కడివి బావా?" ఎలక్ట్రీషియన్ గొంతు మారింది.

"అవి... అలాంటివి నీళ్ల రూపంలో కూడా..."

"గొట్టంతో లోపల నీళ్లు కొట్టి, ఆరబెట్టకుండా తలుపులు బిగించావన్నా," అంది అక్క. "అద్దాలకి పట్టింది ఆ చెమ్మే. వెనక సీట్లో ఎవరో ఊపిరి తీస్తున్నారన్నావే, పొద్దున అక్కడ మా అమ్మ కూర్చుంది. ఊపిరి తీయలేకపోయింది. రోడ్డు పక్కన దించి వీపు నిమురుతుంటే, నీ పూతలో ఇద్దరం తళతళా మెరిశాం."

బావ తన తడి చేతులకేసి చూసుకున్నాడు.

"అమ్మని మళ్లీ ఎప్పుడు తీసుకెళ్లాలమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఇరవై రెండున."

ఆయన టీ ధరల పలక దించి, తుడిచి, సుద్దముక్కతో పెద్ద అక్షరాల్లో రాసి మళ్లీ తగిలించాడు: సీట్లు విప్పి, కార్పెట్ ఎండబెట్టి, లోపలంతా శుభ్రం చేసి బావ కారు అప్పగించవలసిన రోజు, ఏప్రిల్ ఇరవై ఒకటి.