పేజీన్నర వాక్యం

కోదండపాణి మాస్టారని ఒకాయన ఉండేవాడంట, కాలవ చివరి ఊళ్ళో ఇంగిలీషు చెప్పేవాడు. చెప్పడమంటే ఏం చెప్పడమనుకున్నారు, వాక్యంలో వాక్యం దూర్చేవాడు, దాన్లో ఇంకోటి దూర్చేవాడు. నౌన్ క్లాజంట, దాని కడుపులో ఇంకో క్లాజంట. సూటిగా మాట్లాడేవాడంటే ఆయనకి చులకన. "పొట్టి వాక్యం పామరుడిదిరా, అసలు మాట చివర్న రావాలి" అనేవాడు. ఆ యేడు ఏమైందంటే, పైవూరోళ్ళు కాలవకి అడ్డుకట్ట వేసి నీళ్ళన్నీ మళ్ళించుకున్నారు. ఇక్కడేమో నాట్లేసి ఇరవై రోజులు, మళ్ళు నెర్రెలిచ్చినాయి. సింగారమ్మని ఒక ముసలమ్మ, ఆవిడకున్నదల్లా ఎకరం. అది పోతే కూడే లేదు. సరే, కాలవల ఆఫీసరుకి అర్జీ పెడదామన్నారంతా. మాస్టారు రాశాడయ్యా, పేజీన్నర! ఎన్ని వాక్యాలనుకున్నారు? ఒక్కటే. పంచాయతీ అరుగు మీద చదివి వినిపిస్తే ఒక్కడికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అర్థం కాలేదనే మురిసిపోయారు చూడు, అదీ మనోళ్ళ తెలివి! "మనకే ఇంత బరువుగా ఉందే, ఆఫీసరు లేచి నిలబడతాడు" అనుకున్నారంట. సింగారమ్మ ఒక్కతే, అందులో నీళ్ళ మాట ఎక్కడుందయ్యా అనడిగింది. "చివర్న ఉందిలే, నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు మాస్టారు.

ఊరుకుంది. వారం పోయింది, పది రోజులు పోయినాయి, నీళ్ళు లేవు. సగం చేను ఎండిపోయింది. ఇంక ఆగలేక మాస్టార్ని వెంటబెట్టుకుని జనం ఆఫీసుకి పోయారు. పంపిన అర్జీ ఆఫీసరు బల్ల మీద కాయితాల దొంతరలోనే ఉందనుకో. ఆఫీసరు తీసి చదివాడు, సగం చదివి మళ్ళీ మొదటికొచ్చాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, ఇంతకీ ఏం కావాలి మీకు అన్నాడంట. మాస్టారు గొంతు సవరించుకుని, "అయ్యా, ఇక్కడ మొదలయ్యేది నౌన్ క్లాజండి, అసలు మాట వెనక పేజీలో ఉందండి" అంటా వేలుపెట్టి వెతకడం మొదలెట్టాడు. వెతుకుతానే ఉన్నాడు, వెతుకుతానే ఉన్నాడు, రాసినోడికే దొరకలా! ఈలోపు సింగారమ్మ కొంగులోంచి ఎండిన వరి మొక్కలు పిడికెడు తీసి బల్ల మీద పడేసింది. "పైవూరోళ్ళు కట్టేశారు బాబూ. మాకు నీళ్ళు లేవు. తీయించు." అంతే. ఆఫీసరు అప్పటికప్పుడు మనుషుల్ని పంపించాడు, పొద్దువాలేలోగా అడ్డుకట్ట తీసేశారు.

తిరిగొచ్చే దార్లో మాస్టారు ఏమన్నాడనుకున్నారు? ముసల్దానికి వాక్యం కట్టడం రాదు, మూడూ పొట్టివే అన్నాడంట! సిగ్గుండాలి. సింగారమ్మకి సగం చేను దక్కింది, మిగతా సగం ఆ మారాజు వాక్యం మేసేసింది. ఆ అర్జీ నకలు పటం కట్టించి ఇప్పటికీ గోడకి పెట్టుకున్నాడంట. తీరికున్నోళ్ళు పోయి చదువుకోండి, అదింకా అయిపోయినట్టు లేదు.