పది నిమిషాల ఆటకూ, పది వారాల కథకూ ఒకే న్యాయం

1994 జూన్ 6, సోమవారం నాడు బాన్సువాడలోని మా మంజీర గ్రామీణ విజ్ఞాన కేంద్రంలో సహాయ గ్రంథపాలకురాలిగా శ్రీమతి రాధాకుమారి గారు విధుల్లో చేరారు. చేరిక పత్రంపై సంతకం చేసిన తరువాత వారు అడిగిన మొదటి వస్తువు కుర్చీ కాదు, స్కేలు. హాజరు పట్టికలో గీతలు వంకరగా ఉన్నాయని, వాటిని చెరిపి మళ్లీ గీసిన పిమ్మటే కూర్చున్నారట. ముప్పై ఒక్క సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం 2025 జూన్ 30న వారు పదవీ విరమణ చేయనున్న తరుణంలో, వారి వల్ల మా కేంద్రానికి ఒనగూరిన మేలును కృతజ్ఞతాపూర్వకంగా స్మరించడం సహోద్యోగుల ధర్మం. ఆ ధర్మాన్ని నిర్వర్తించే బాధ్యత, వారి చేత అత్యధికంగా చీవాట్లు తిన్నవాడన్న అర్హతపై, కార్యాలయ సహాయకుడు బాలరాజ్‌కు దక్కింది.

కృష్ణా తీరం నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ నీటిని నమ్ముకుని స్థిరపడిన రైతు కుటుంబంలో రాధాకుమారి గారు జన్మించారు. నాట్ల కాలంలో మడిలో దిగి, మిగతా కాలంలో బడికి వెళ్లి, గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పొందిన తొలి యువతిగా తమ వలస రైతుల క్యాంపులో గుర్తింపు తెచ్చుకున్నారు. ఉద్యోగంలో చేరే నాటికి మా కేంద్రంలో ఉన్నవి రెండు బీరువాలు, ఒక బల్ల, ఒక క్యారంబోర్డు మాత్రమే. పేపరు చదివేవారికీ నవలలు చదివేవారికీ ఆ ఒక్క బల్ల దగ్గర నిత్యం తగవే. పేపరు చదువరులు నిలబడి అసహనంతో దగ్గుతుంటే, నవల పట్టినవారు మధ్యాహ్నం దాకా తల ఎత్తేవారు కారు. రాధాకుమారి గారు బల్లను కిటికీ వైపు జరిపి పేపరు వారికి కేటాయించి, నవలల వారికి గోడ వెంట చాపలు పరిపించారు. పేపరు చదివేవాడికి పది నిమిషాలు చాలు, నవల చదివేవాడికి పది రోజులు చాలవు, ఇద్దరూ మన చదువరులే అని వారు ఆనాడు అన్న మాట కేంద్రంలో సామెతగా నిలిచిపోయింది. 2008లో గ్రంథపాలకురాలిగా పదోన్నతి పొందినప్పుడు కూడా వారి గదిలో మారింది బోర్డు ఒక్కటే.

వారి సేవాకాలంలో అసలు పరీక్ష మాత్రం ఆలస్యంగా వచ్చింది. 2021లో రుద్రూర్ వాసియైన ఒక దాత తమ తండ్రిగారి స్మృత్యర్థం పెద్ద టీవీనీ, దానికి తగిలించి ఆడుకునే ఒక గేమ్ కన్సోల్‌నూ కేంద్రానికి బహూకరించారు. వినోద విభాగం బాధ్యత రాధాకుమారి గారి మీద పడింది. ఆ కన్సోల్ పెట్టెతో పాటు వచ్చినవి చిన్న చిన్న ఆటలు, బంతి దొర్లించి సీసాల్లాంటి బుడ్లు పడగొట్టేదొకటి, పండ్లు కోసేదొకటి, పాటకు తగ్గట్టు అడుగులు వేసేదొకటి. చేతిలో పట్టుకునే కంట్రోలర్‌ను అందరూ రిమోట్ అనే పిలిచారు, వాడటం నేర్పనవసరం లేకపోయింది. వారపు అంగడికి వచ్చినవారు సంచులు గుమ్మంలో పెట్టి ఒక్క ఆట ఆడిపోయేవారు. బిచ్కుంద నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే లక్ష్మవ్వ, అరవై అయిదేళ్ల వయసులో, మొదటి బంతికే పది బుడ్లూ పడగొట్టి, రిమోట్ బాలరాజ్ చేతిలో పెట్టి, ఏమీ జరగనట్టు తన గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ వారం నుంచి ఆమె రాని అంగడి లేదు.

మరుసటి ఏడు చివర్లో దాతగారు కొత్తగా వెలువడుతున్న ఒక సాహసగాథల వరుసలోని మొదటి ఆటను పంపారు. తప్పిపోయిన చెల్లెలిని వెతుక్కుంటూ ఒక పల్లె పడుచు కొండలూ నదులూ దాటి పోయే కథ అది. పూర్తి కావాలంటే రోజుకు గంట చొప్పున నెలలు పడుతుంది. మా యువతకు అది ప్రాణమైపోయింది. పెద్ద కొడప్‌గల్ వైపు తండా నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న వనిత వంటి వారు కాలేజీ వదలగానే టీవీ ముందు కూర్చుంటే ఇక లేచేవారు కారు. లక్ష్మవ్వ గంపతో వచ్చి, నిలబడి, తిరిగి వెళ్లిన అంగడులు రెండు గడిచాయి. కేంద్రం అధ్యక్షులు రత్తయ్య గారు, కోతల లెక్కలో ఆలోచించే పెద్దరైతు, ఈ పెద్ద కథలు నలుగురి కోసం నలభై మందిని వెళ్లగొడుతున్నాయని, చిన్న ఆటలు మాత్రమే ఉంచి తక్కినవి దాతకు తిప్పి పంపుదామని ప్రతిపాదించారు.

రాధాకుమారి గారికి పాత బల్ల గుర్తుకొచ్చింది. వెంటనే ఒక పద్ధతి పెట్టారు: సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు చిన్న ఆటలు, మనిషికి పది నిమిషాలు. అయిదు నుంచి ఆరు వరకు పెద్ద కథ. అయితే ఎవరి కథ వారిది కాదు, అందరిదీ కలిపి ఒకటే ప్రయాణం. రోజుకొకరు రిమోట్ పడతారు, మిగిలినవారు చుట్టూ కూర్చుని దారి చెబుతారు. ఆట ముగించే ముందు ఆ రోజు కథ ఎక్కడిదాకా వచ్చిందో, ఏ కొండ ఎక్కారో, ఎవరు ఎదురుపడి ఏమన్నారో, రేపటి వంతువారి కోసం ఒక రిజిస్టరులో తెలుగులో రాయాలి. రిజిస్టరు లేకుండా వారికి ముద్ద దిగదు కదా అని మేమందరం నవ్వుకున్నాం. రాసే పని ఎక్కువగా వనిత మీద పడింది, ఆమె చేతిరాత ముత్యాల కోవ. క్రమంగా అయిదు దాటినా చిన్న ఆటల వారు కదలడం మానేశారు. లక్ష్మవ్వ గోడకు ఆనుకుని, ఆ పడుచు చెల్లెలు దొరికిందా లేదా అని అడిగి మరీ ఇంటికి పోయేది.

ఇక్కడ ఒక సంఘటన చెప్పకపోతే ఈ వ్యాసం పొగడ్తగానే మిగులుతుంది, సత్యం కాబోదు. రాధాకుమారి గారు స్వయంగా అనుమతించినందునే రాస్తున్నాం.

2023 మార్చి 31, వార్షిక తనిఖీ దినం. కొత్త ఆట ఎక్కించడానికి పెట్టెలో చోటు చాలడం లేదని టీవీ తెరపై సూచన కనిపించింది. లోపలి జాబితా తెరిచి చూస్తే, ఒకే పేరుతో పన్నెండు ప్రతులు. అవి ఆట ఎంతవరకు వచ్చిందో దాచిన గుర్తులని, కథ సాగినకొద్దీ కొత్తది చేరుతుందని వారికి ఎవరూ చెప్పలేదు. గ్రంథాలయంలో ఒకే పుస్తకానికి ప్రతులు ఎక్కువై బీరువా నిండితే, మొదట చేరిన ప్రతిని ఉంచి తరువాత చేరినవి తొలగించడం వారి దశాబ్దాల అలవాటు. అలాగే చేశారు. చేసి, తనిఖీ పుస్తకంలో ఎర్ర సిరాతో “నకళ్లు పదకొండు తొలగించడమైనది” అని రాసి, కింద గీత కూడా గీశారు.

సాయంత్రం అయిదుకు వనిత ఆట తెరిచింది. పది వారాలు నడిచి, చివరి కొండ దాకా వెళ్లిన పడుచు కనిపించలేదు.

“మేడమ్, గీ పిల్ల మళ్ల ఇంటి ముందటనే నిలవడ్డది. ఇంక బయల్దేరనే లేదు,” అంది వనిత.

విషయం అర్థమై రాధాకుమారి గారు తనిఖీ పుస్తకం తెరిచి తాము గీసిన ఎర్ర గీతను చూసుకున్నారు. పెట్టె చెడిపోయిందని చెప్పేస్తే సరిపోతుందని బాలరాజ్ చెవిలో సలహా ఇచ్చాడు. ఆ సలహాకు దొరికిన చూపును అతడు నేటికీ మరువలేదు. వారు లేచి నిలబడి, గదిలో ఉన్న పాతికమందికీ వినబడేలా, తప్పు తనదేనని, పుస్తకాల లెక్కన మొదటి ప్రతి ఉంచి మిగతావి తానే తీసేశానని చెప్పారు. వనిత రిమోట్ బల్ల మీద పెట్టి, తలవంచుకుని వెళ్లిపోయింది. అలా వెళ్లిపోవడం తన సర్వీసులో తిన్న అన్ని మాటలకంటే గట్టిగా తగిలిందని వారు తరువాత చెప్పుకున్నారు.

మూడో నాడు కమిటీ సమావేశం. పెద్ద కథలను తిప్పి పంపే ప్రతిపాదన మళ్లీ బల్ల మీదికి వచ్చింది. రాధాకుమారి గారు దానికి అడ్డు చెప్పకపోగా, వినోద విభాగం నుంచి తమను తప్పించవలసిందిగా కోరే లేఖను తీసి రత్తయ్య గారి ముందు పెట్టారు. అప్పుడు గుమ్మంలో చప్పుడైంది. వనిత వచ్చింది, చంకలో రిజిస్టరు. ఆమె వెనుక లక్ష్మవ్వ, ఆ వెనుక చిన్న ఆటల వారు పదిమంది. దారంతా ఇందులో రాసి ఉందని, ఎక్కడ తప్పిపోయామో ఎక్కడ తాళంచెవి దొరికిందో అన్నీ ఉన్నాయని, చూసి ఆడితే పది వారాల దారి ఇరవై రోజుల్లో నడవొచ్చని వనిత వివరించింది. దానికి రోజుకు ఒక గంట చాలదు, రెండు కావాలి. ఆ రెండో గంట ఎవరిదో అందరికీ తెలుసు.

“మా గంట గూడ గీళ్లకే ఇయ్యుండ్రి,” అంది లక్ష్మవ్వ. “మేము బంతులు ఎప్పుడన్న ఇసురుకుంటం. ఆడపిల్ల తొవ్వల ఆగిపోయింది, ముందుగాల దాన్ని చెల్లె దగ్గరికి చేర్చుండ్రి. రాధమ్మను ఏమనకుండ్రి సారు, పది పనులు చేసినోళ్లకే ఒకటి తప్పుతది.”

రత్తయ్య గారు చాలాసేపు రిజిస్టరు పేజీలు తిప్పారు. నలుగురి ఆట అనుకున్నది నలభై మంది పేర్ల వంతులతో కనిపించేసరికి వారి స్వరం మెత్తబడింది. ఇద్దరూ మన చదువరులేనని మీరే అంటారు కదమ్మా, నాకే ఆలస్యంగా ఎక్కింది అంటూ లేఖను మడిచి తిరిగి ఇచ్చి, “ఇది మీరే ఉంచుకోండి. నకలు కూడా నాకొద్దు,” అన్నారు. అంతవరకు బిగబట్టుకున్న రాధాకుమారి గారు అందరి ఎదుటా కన్నీరు పెట్టుకున్నారు. పంతొమ్మిదో రోజున అక్క చెల్లెలిని చేరింది. ఆ సాయంత్రం గదిలో కూర్చునే చోటు లేదు.

తదాది కేంద్రం ఏ ఏడు ఆటలు తెప్పించినా, ఒక కొత్త సాహసగాథకు ఒక పది నిమిషాల ఆట జోడుగా వస్తోంది. డిగ్రీ ముగించుకున్న వనిత జూలై మొదటి తేదీ నుంచి ఆ గది బాధ్యత స్వీకరించనున్నారు. ఇంత సేవకు తమ సాయంకాలాలను ధారపోసి సహకరించిన భర్త వెంకటనారాయణ గారికీ, కుమార్తె సిరీషకూ మా కేంద్రం సర్వదా ఋణపడి ఉంటుంది.

ఈ సంచిక అచ్చుకు వెళ్లే ముందు శుక్రవారం, జూన్ 27న, కొత్త సాహసగాథ మొదలైంది. ఇన్నేళ్లలో రాధాకుమారి గారు పెద్ద కథలో ఒక్కనాడూ రిమోట్ పట్టలేదు. అందరి వంతులూ రాసింది వారే, తమ పేరు మాత్రం ఎన్నడూ రాసుకోలేదు. తొలి అడుగు మేడమ్ చేతనే వేయించాలని పిల్లలు రిమోట్ అందించారు. వారు దాన్ని అందుకోలేదు. రిజిస్టరు తెప్పించుకుని, వంతుల పట్టికపై వేలు పెట్టి కిందిదాకా చూసి, ఇవాళ్టి వంతు దేవదాస్‌ది అని, పిల్లల్లోంచి అతడిని పిలిచి కూర్చోబెట్టారు. ఆ తరువాత కలం తీసి, పట్టిక చివర, ఎనిమిదో పేరుగా, రాధాకుమారి అని రాసుకున్నారు. పేరు పక్కన హోదా రాసే గడిని ఖాళీగా వదిలేశారు.

శని, ఆదివారాలు ఆట ఉండదు కనుక ఆ వంతు జూలై 8, మంగళవారం నాడు వస్తుంది. ఆనాడు వారు ఉద్యోగిగా కాక, గోడ వెంట చాప మీద మా చదువరులలో ఒకరిగా కూర్చుంటారు. ఆ వంతుకూ, దాని తరువాత మళ్లీ మళ్లీ వచ్చే వంతులకూ వారు చల్లని చూపుతో, చెదరని ఆరోగ్యంతో, కుటుంబ సమేతంగా నిండు నూరేళ్లు మా గుమ్మం తొక్కుతూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. వనిత పట్టికలో గీతలు వంకర పోకుండా చూసుకుంటుంది. స్కేలు మాత్రం రాధాకుమారి గారి సొరుగులోనే, వారు పెట్టిన చోటే ఉంది.