మాసయ్య కథకు దిద్దుబాటు

లేదక్కా, ఇయాళ పోను. నువ్వు ఎంత మొఖం తిప్పుకున్నా పోను. ఇంతకుముందు రెండుసార్లొచ్చిన. రెండుసార్లు కూడ మంగ పేరెత్తంగనే బకెట్ పట్టుకోని నల్లా కాడికి పోయినవు. ఇయాళ నల్లా రాదు. అడిగే వచ్చిన.

ఇక్కడనే కూసుంట, గడప మీద. వద్దులే, చాప వద్దు.

పదకొండు రోజులాయె పిల్ల ఇంటికి రాక. అశోక్‌నగర్‌ల ఆ ఆడపిల్లల హాస్టల్ వంటింట్లనే, బియ్యం బస్తాల పక్కన పంటున్నది. నూటిరవై మందికి వండుతది, తను మాత్రం సరిగ్గ తినదు. పిల్ల ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. వస్తే తలుపు తియ్యవు. ఏందక్కా ఇది? నీ బిడ్డ గాదా?

అరవకు అక్కా. పక్కింటోళ్లు చూస్తున్నరు.

సరే, అరుచుకో. నీకు అరిచే హక్కున్నది.

తెల్సు నాకు. తిమ్మయ్య మేస్త్రి ఏం చేసిండో మొత్తం తెల్సు. పొద్దుగాల అడ్డ మీద, కూలికొచ్చినోళ్లందరి ముంగట, మంగ కథ పడ్డ పేపర్ పట్టుకోని చదివిండు. "మాసయ్య తాగే పడ్డడని నేనంటే బుగ్గమ్మ నాలుగేండ్ల సంది నన్ను తిడుతున్నది. ఇగో చూడున్రి, సొంత బిడ్డనే రాసింది" అన్నడు. నువ్వు అక్కడనే ఉన్నవు, సద్దిడబ్బ చేతుల పట్టుకోని. కొందరు నవ్విన్రట గద?

ఆ రోజు నువ్వు పనికి పోలే. ఇంటికొచ్చి మంగ బట్టలన్ని బయట పడేసినవు.

నిన్ను తప్పు పట్టనీకె రాలే అక్కా. ఒట్టు. కానీ ఎవర్ని పడెయ్యాల్నో వాళ్లను నువ్వు పడెయ్యలే. అది చెప్దామనే వచ్చిన.

నన్ను నువ్వు టీచరమ్మ అనే ఎరుగుదువు. నళిని టీచర్, చిక్కడపల్లిల ఉంటది, మంగకు చదువుకోనీకె పుస్తకాలిస్తది. అంతే గద? నేనొక కథల గుంపు నడుపుత. అది ఏందో తెల్వకపోతే అసలు సంగతి నీకు సమజ్ గాదు. జర విను.

నెలకు రెండు ఆదివారాలు కూసుంటం. అశోక్‌నగర్‌ల ఉమాకాంత్ అని, టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతడు. మేడ మీద గది ఇస్తడు మాకు. ఏడెనిమిది మందిమి. ఒకరు కథ రాసుకొచ్చి చదువుతరు. మిగిలినోళ్లు ఎక్కడ బాగున్నది, ఎక్కడ బాగలేదు చెప్తరు. ఒకరి కథ ఒకరం దిద్దుకుంట అందరం మంచిగ రాయడం నేర్చుకుంటమని.

నవ్వొస్తున్నదా? నవ్వు. రిటైరైన టీచరుకు ఇంతకన్న పనేముంటది అనుకో.

అందుల నేనొక రూల్ పెట్టిన. తన కథ చదివినోళ్లు నోరు మూసుకోని వినాలె. ఎదురు జవాబు చెప్పొద్దు. ఎందుకంటే, రాసినోళ్లు ఊకె కొట్లాడుతరక్కా. అట్ల కాదు, నా మనసుల గిట్ల ఉండె అని. కథ అచ్చయినంక చదివేటోళ్ల ఇంటింటికి పోయి చెప్పుకుంటమా? మంచి రూలే అనుకున్న. ఐదేండ్లు దాంతోనే నడిపిచ్చిన.

మంగ నాకు లైబ్రరీల కలిసింది. హాస్టల్ పిల్లలు పారేసిన మోడల్ పేపర్లుంటయి గద, వాటి వెనుక దిక్కు రాస్తుండె. ముంగట లెక్కలు, వెనుక కథ! చదివి నేను బిత్తరపోయిన. నువ్వు రావాలె మంగా మా గుంపులకు అన్న. నేనే అన్న. ఆ పిల్ల అడగలే.

మొన్న ఫిబ్రవరిల మొదటిసారి చదివింది.

ఏం రాసిందో నీకు ఎవరన్న చెప్పిన్రా? తిమ్మయ్య చదివింది కాదు, మంగ మొదట రాసింది?

చెప్త. ఒక బిడ్డ మధ్యాహ్నం పూట నాయినకు సద్ది తీస్కపోతది. ఇసుక కుప్ప మీద కూసోని ఇద్దరు తింటరు. తొక్కు కారమైందని నాయిన కండ్లల్ల నీళ్లు తెచ్చుకుంట నవ్వుతడు. కల్లు కూడ ముట్టని మనిషి. తిని, చెయ్యి కడుక్కోని, మీదికెక్కుతడు. నాలుగో అంతస్తు. కాళ్ల కింద కట్టిన కర్ర ఇరిగి, కింద పడి పానమిడుస్తడు. దవఖానకు పోయేసరికే, తాగి పడ్డడని మేస్త్రి రాయించి పెట్టి ఉంటడు. పెండ్లాం అక్కడ నిలబడి, ఆయన నోరు వాసన చూడుండ్రి, చూడుండ్రి అని అందర్ని బతిమాలుతది. ఎవ్వరు చూడరు.

గంతే కథ.



ఏడువకక్కా. నేను ఇంకా అసలుది చెప్పలే.

కృష్ణచైతన్య అని ఒక పిలగాడున్నడు మాతోని. గ్రూప్స్ పరీక్షకు చదువుతుంటడు, మస్తు తెలివి. వాడన్నడు, "బాగున్నది గని, నాయిన మొత్తం మంచోడు, మేస్త్రి మొత్తం చెడ్డోడు. పేపర్ల వార్త లెక్కున్నది. ఆ రోజు నాయిన నిజంగనే తాగుంటే? బిడ్డకు వాసన తెలిసి కూడ దాచిపెడితే? అప్పుడైతది కథ" అని.

అవునవును అన్నరందరు. ఉమాకాంత్ అయితే టేబుల్ మీద చెయ్యి కొట్టి మరీ అన్నడు.

మంగ నా దిక్కు చూసింది. పెదిమలు కదిలినయి. ఏదో చెప్పబోయింది.

నేను వేలు చూపిచ్చిన. రూల్, మంగా, అన్న.

నోరు మూసుకున్నది.

నాకు తెల్వకనా అక్కా? తెల్సు! అంతకు పది రోజుల ముందే నారాయణగూడ ఫ్లైఓవర్ కింద నిలబడి చెప్పింది. "అది కల్పించింది కాదు మేడం, మా నాయిననే" అని. ఆ ఒక్క మాట నేను గదిల చెప్తే ఎవ్వరు అంతమాట అనకపోదురు. చెప్పలే. రాసిందే చూడాలె, రాసినోళ్ల ఇంటి సంగతులు మనకెందుకు అని పెద్ద మాటలు చెప్తుంటి గద. ఆ మాటల ఎనుక దాక్కున్న.

సరే, ఇంటికొచ్చి మంగ ఇంకో తీరు రాసింది. వాళ్లు చెప్పినట్టు. మార్చిల అది చదివితే చప్పట్లు కొట్టిన్రు. ఆ పిల్ల చప్పట్లకు నవ్వలే. అది నేను చూసిన. చూసి కూడ ఊకున్న.

ఇగ కాగితాల సంగతి. నీకేం చెప్పింది మంగ? కాగితాలు తారుమారైనయమ్మా, ఒకటి పంపబోయి ఇంకోటి ఇచ్చిన, అని ఏడ్చింది గద?

అబద్ధం అక్కా.

మంగ అబద్ధం చెప్పిందంటలేను! ఆ పిల్ల నిజమనుకోనే చెప్పింది. ఆ అబద్ధం పుట్టిచ్చింది నేను.

కొంచెం నీళ్లుంటే ఇయ్యి. లేకపోతే లేదు, పర్వాలేదు.

రెండు కట్టలు నా చేతికిచ్చింది. మా ఇంటి వరండల నిలబడి, మంచిగ విడమరిచి చెప్పింది. "మేడం, రెండోది మీరందరు చెప్పిన్రని రాసి చూసిన. పేపర్‌కు పంపితే మాత్రం మొదటిదే పంపండి. అమ్మ ఉన్నది" అన్నది. అమ్మ ఉన్నది! నాకు ఆ మాట ఇప్పటికీ చెవుల ఉన్నది.

నేను రెండోది పంపిన.

తారుమారు కాలే. తెలిసి పంపిన. రెండు పక్కపక్కన పెట్టి, ఒక పూటంత సోంచాయించి పంపిన.

ఎందుకంటవా? ఐదేండ్లల్ల మా గుంపోళ్లది ఒక్క కథ అచ్చు కాలే. నావి పదిహేడు పంపిన. పదిహేడు వాపసొచ్చినయి. ఆదివారం కొత్త బ్యాచ్ పెడ్దమనుకుంటున్న మేడం, గది కావాలె, అని ఉమాకాంత్ నవ్వుకుంటనే రెండుసార్లన్నడు. ఈ గుంపు లేకపోతే నేనెవర్ని? చిక్కడపల్లి గల్లీల కూరగాయలు బేరమాడే ఒక ముసలామెను. మొదటిది ఎవ్వరు వెయ్యరనిపించింది. రెండోది పేపర్ల వచ్చే కథ తీరుగ ఉండె.

ఉంటది మరి. సగం నేనే దిద్దిన గద.

ఇంకొకటి చెప్పాలె. ఇది మంగకు కూడ ఇయాళ పొద్దుగాలనే చెప్పిన. "నాయిన ఎక్కిళ్లు పెడితే వాసన గుప్పున కొట్టింది, బిడ్డ ఊపిరి బిగపట్టి తొక్కు కలుపుకున్నది" అని ఒక వాక్యమున్నది అచ్చయినదాంట్ల. మంగ అంత రాయలే. అనుమానమొచ్చేటట్టు రాసి వదిలేసింది. వాసన తెచ్చి మాసయ్య నోట్ల పెట్టింది నేను. నా చేతితోని. మంచిగ కుదిరిందని నాకు నేనే మురిసిపోయిన కూడ.

అడ్డ మీద తిమ్మయ్య రెండుసార్లు చదివింది ఆ వాక్యమేనట.

కొడితే కొట్టు అక్కా. నేను కదల.

పేపరొచ్చిన రోజు మంగ పరుగెత్తుకుంట వచ్చింది నా దగ్గరికి. "మేడం, ఏది పంపిన్రు మీరు?" అని. కాళ్లకు చెప్పుల్లేవు. నేనేమన్ననో తెల్సా? నువ్వు పైన పెట్టి ఇచ్చిందే పంపిన మంగా, నువ్వే తారుమారు చేసినవేమో చూస్కో, అన్న. ఆ వాక్యం అడిగితే, పేపరోళ్లు కలుపుతుంటరు అన్న.

అయ్యో, నేనే గట్ల ఇచ్చిన్నా, అని తల పట్టుకున్నది. నా మీద ఇసుమంత అనుమానం రాలే. పదకొండు రోజులు తన చేతుల్నే తను తిట్టుకున్నది.

మొన్న ఆదివారం గుంపుల చెప్పేసిన. మొత్తం. ఎట్లైతే అట్లైతదని. కృష్ణచైతన్య అంత విని ఏమన్నడో చెప్పనా? "మేడం, ఇదే రాయండి. మస్తు కథైతది" అన్నడు. ఇద్దరు తల కూడ ఊపిన్రు.

లేచొచ్చేసిన. గది తాళంచెవి ఉమాకాంత్‌కు ఇచ్చేసిన. బంద్ చేసిన గుంపు.

కానీ అక్కా, అన్ని చెప్తున్నప్పుడు ఇది దాచుడెందుకు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాక ఏడ్చుకుంట నడిచిన. అక్కడ సిగ్నల్ కాడ నిలబడితే, మొదటి వాక్యం తయారైంది మనసుల. దేని మొదటి వాక్యం? ఇదే, నీ ఇంటి సంగతి. ఛీ అనుకున్న. పొమ్మన్న. పోలే.

పేపర్‌కు ఉత్తరం రాసిన, నిజం ఇది అని. మొదటిసారి "నేను మోసం చేసిన" అని రాసిన. బాగలేదని దిద్దితే "తప్పు చేసిన" అయింది. మళ్ల దిద్దితే "పొరపాటు చేసిన". నాలుగోసారి చదువుకుంటే "పొరపాటు జరిగింది" అని ఉన్నది. నేనే లేను అందుల! ముప్పై రెండేండ్లు పిల్లలకు తెలుగు చెప్పిన అక్కా నేను.

అది చింపేసి, "మోసం చేసిన" అన్న మొదటి ఉత్తరమే పేపర్ ఆఫీసుల ఇచ్చొచ్చిన. చూస్తం మేడం, జాగ ఉంటే వేస్తం, అన్నడు అక్కడాయన. కథకు సగం పేజీ ఇచ్చిన్రు. దీనికి జాగ ఉంటేనట! వేసినా తిమ్మయ్య చదువుతడా? చదవడు. రేపు పొద్దుగాల నేనే పోయి అడ్డ మీద చెప్త. నవ్వుతరో ఉమ్ముతరో, చెప్త.

ఇయాళ పొద్దున హాస్టల్‌కు పోయి మంగకు చెప్పినప్పుడు ఆనపకాయ కోస్తున్నది. నేను చెప్పుడు అయ్యేదాక కోసింది. తర్వాత కత్తి పక్కన పెట్టి, "నా మీద నాకే అనుమానం పుట్టిచ్చిన్రు మేడం" అన్నది. తిట్టలే. తిడితే బాగుండు. చేతులు కడుక్కోని, "నా మొదటి కాగితాలు నాకు ఇయ్యిండ్రి" అన్నది.

ఇచ్చేసిన. పట్టుకోని నాతోనే వచ్చింది. గల్లీ మూల మీద, కిరాణా దుకాణం కాడ నిలబడ్డది. నువ్వు రమ్మంటే వస్తది. నీకు చదువు రాదు గద, తనే చదివి వినిపిస్తదంట.

ఏంది? ఏమంటున్నవు? మెల్లగ చెప్పు, వినవస్తలేదు.

నన్నే చదవమంటున్నవా? పిల్ల మొఖం ఇప్పుడే చూడలేవా?

అక్కా, అదే నేను కూడ అడిగిన. తొవ్వల, ఆటోల కూసున్నప్పుడు. మీ అమ్మకు నేను చదివి వినిపిస్త మంగా, నా పాపం కొంచెమన్న తగ్గుతది, అన్న. వద్దన్నది.

"మీరు చదివితే నడుమల ఏదన్న మారుస్తరు మేడం" అన్నది.

నాకు కోపమొచ్చిందక్కా! ఇంత జరిగినంక ఇంకా మారుస్తనా నేను, అని అరిచిన. ఆటో ఆయన ఎనుకకు తిరిగి చూసిండు.

తర్వాత సోంచాయించిన. మంగ మొదటి కథల, ఆ ఇసుక కుప్ప కాడ, తినేటప్పుడు, ఒక మాట ఎక్కువైంది. అది తీసేస్తే బాగుంటది.

మారుస్తనేమో. పిలువు అక్కా, ఆ పిల్లను పిలువు.