పెరట్లోంచి ఫోను

ఇరవై రెండేళ్లు హాంకాంగ్‌లో ఇంటిపని చేసి, ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో ఊరి దగ్గరి తన పల్లెకు ఆవిడ తిరిగొచ్చి నెలైంది. మొగుడు వేయించిన ఎండుచేపలు ఇద్దరూ మాటాపలుకూ లేకుండా తినేశారు.

"ఏజెన్సీవాళ్ళు మళ్ళీ హాంకాంగ్ పనికి పిలుస్తున్నారయ్యా. వెళ్ళిపోతాను."

"ఆ మోకాళ్ళతోనా?"

"ఈ మౌనం కన్నా అక్కడి మెట్లే నయం. నెల్లాళ్ళలో పది మాటలాడావా నాతో?"

"నీ మొహం చూడ్డానికి ఆదివారాలు ఇంటర్నెట్ షాపు ముందు వరసలో నిలబడ్డవాణ్ణే! ఆ వరస తోక సముద్రంలో తడిసేది."

"కోతలు! చేతికి ఫోనొచ్చాక పంది గురక కూడా వినిపించేవాడివి. ఇప్పుడేమైంది?"

"ఎదురుగా ఉంటే ఎటు చూడాలో తెలీట్లేదే."

అతను లేచి పెరట్లోకి పోయాడు. ఆవిడ నీరసంగా కంచాలు తీస్తుంటే ఫోను మోగింది. తెరమీద పందులదొడ్డి, దాని ముందు మొగుడు.

"తిన్నావా?"

ఆవిడ కంచాలు పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తిన్నాను. ఎండుచేపలు."

"ఎవరు వండారు?"

"మా ఇంట్లో ఒక మూగాయన ఉన్నాడులే. ఉప్పు కుమ్మరించాడు."

"పాపం. ఏజెన్సీకి ఏం చెప్పావు?"

"ఇంకా చెప్పలేదు. ముందు ఆ పందిని చూపించు."