దత్తు పోయిన తల

ఇదేం న్యాయమన్నయ్యా? తల్లికి కొరివి పెట్టేది చిన్నకొడుకేనని ఊరంతా అంటాది. తీరా మన కన్నతల్లి పోయి, మంగలి గంగులు కత్తి నూరుకు కూర్చుంటే, పంతులు నిన్ను పీట మీద కూర్చోబెట్టాడు. నిన్ను లెమ్మనడం లేదులే. కదలకు, కత్తి తగుల్తాది.

ఆవిడ చిన్నకొడుకుని నేను కానా? అదే కడుపున, నీ తరవాతే కదా పుట్టాను?

"తమరికి కాదంట బాబూ. దత్తు పోయినోళ్ల తల కన్నతల్లికి సెల్లదంట" అన్నాడు గంగులు. వీడికీ తెలుసు. విజయనగరం కాలేజీలో ఇంగ్లండు గద్దె ఎవరి తరవాత ఎవరెక్కారో వల్లె వేయించారు గాని, ఇది చెప్పలేదు.

పిల్లల్లేని పెదనాన్నకి వారసుడు కావాలి. రాజాం గోగునార బేరమంతా ఆయన పెద్దకొట్టుదాయె. నాకు మాటలు రాకముందే ఆయన నాన్న అయిపోయాడు, ఆయన ఇల్లాలు సుభద్రమ్మగారు అమ్మ. కన్నతల్లి పిన్ని అయింది. నాకు వెండిగ్లాసు, జరీటోపీ. నీకు బెల్లంకొట్లో ఈగలు. నన్ను చూస్తే నీకు కడుపు మండేది, ఎరుగుదును. తల ఊపకు.

పిన్ని మా ఇంటికి అప్పడాలు ఒత్తడానికి వచ్చేది, దొడ్డిగుమ్మంలోంచి. "చినబాబు భోంచేశారా?" అని వంటావిడని అడిగేది. నన్నడగదు. ఎదురుపడితే "ఏం పిన్నీ" అనేవాణ్ణి, నాన్న గుమస్తాలతో మాట్లాడే గొంతుతో. పాలపళ్లు ఊడకముందే ఆ గొంతు వచ్చేసింది నాకు. ఎవరూ నేర్పలేదు.

తలంటు మాత్రం పిన్నే పోసేది. అమ్మకి చేతుల నొప్పులు. కుంకుడురసం కళ్లలో పడకుండా నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టేది. ఆ చెయ్యి కాస్త ఎక్కువసేపు ఉంటే, గుమ్మంలోంచి అమ్మ "గౌరీ, చాల్లే" అనేది. తీసేసేది.

ఇంకాస్సేపు ఉంచమని నువ్వైనా అడగలేకపోయావా అంటావు. పెద్దకొట్టు పిల్లాడు ఒకరిని అడుగుతాడా?

ఇందాక టోపీ తీసి నీ పక్కన కూలబడబోయాను, చూశావు కదా. అరుగు మీంచి అమ్మ, ఎనభయ్యేళ్ల మనిషి, ఎంత నెమ్మదిగా అందనుకున్నావు?

"చినబాబూ, చాల్లే."

యాభై దాటినవాణ్ణి. లేచి నిలబడ్డాను.

ఈ కంట్రోలు రోజుల్లో కొత్తబట్ట ఎక్కడ దొరుకుతాది? నేనే తెచ్చి పిన్నికి కప్పాను. "పెద్దకొట్టువారు పంపించారు" అంటన్నారంతా. కొడుకు తెచ్చాడని ఒక్క నోరు అనలేదు.

అయిందా? ఏదీ, ఇటు తిరుగు. నీ తల చూస్తే ఎవరి కొడుకువో దారినపోయేవాడికైనా తెలుస్తాది. నా తల చూడు. నూనె రాసి, పాపిడి తీసి, చెక్కు చెదరకుండా ఉన్నాది.

పద అన్నయ్యా, పాడె కట్టేశారు. నిప్పుకుండ పట్టుకుని నువ్వు ముందు నడు. పిన్ని పోయినవాడు ఎంత వెనక నడవాలో అంత వెనకే వస్తాను. నాకు అలవాటే.