నేల తాకని టైరు

టైర్ల కొట్లో కారు జాకీల మీద లేచి ఉంది. లెక్కల మాస్టారు డిక్కీలోంచి స్టెప్నీని తనే దించి, పెళ్లికొడుకుని చూపించినట్టు కొట్టు యజమానురాలికి చూపించారు.

“మూడు కొత్తవి చాలమ్మా. నాలుగోది ఇదిగో. కారు కొన్ననాటి నుంచీ ఒక్కసారి కూడా నేల తాకలేదు.”

“అరుగు లేదు, నిజమే. పక్కన నాలుగంకెలున్నాయి, చదవండి మాస్టారూ.”

“రెండు, మూడు, ఒకటి, ఒకటి.”

“మొదటి రెండూ వారం, చివరి రెండూ తయారైన ఏడాది. లెక్క మీకు నేను చెప్పాలా?”

“పద్నాలుగేళ్లు. అయితేనేం? వాడందే ఎలా పాడవుతుంది?”

“రబ్బరు కదండీ, డిక్కీలో కూర్చునే ముసలిదైపోతుంది. గోరు పెట్టి చూడండి.”

ఆయన గోరు సన్నటి పగుల్లో దిగింది. గొంతు మాత్రం తగ్గలేదు.

“ఊళ్లోనే కదమ్మా తిరిగేది! రేపు మా అమ్మాయినీ, నాలుగు రోజుల మనవరాలినీ ఆసుపత్రి నుంచి తీసుకురావాలి, అంతే.”

“చాలా సంతోషం. అమ్మాయి ఎటు కూర్చుంటుంది?”

“వెనక, ఎడమ పక్క. బిడ్డ ఒళ్లో ఉంటుంది.”

“సరే. మరి ఈ పాత టైరు ఎటు వేయమంటారు? మీరు చూపించిన చోటే వేస్తాను.”

మాస్టారు చూపుడు వేలెత్తి బయల్దేరారు. కారు చుట్టూ తిరిగొచ్చారు. ఆ వేలు ఏ చక్రం దగ్గరా ఆగలేదు.

“ఐదు కొత్తవి తియ్యమ్మా,” అన్నారు, మొదటి నుంచీ తన లెక్క అదే అన్నంత ధీమాగా.